పేపర్ ముత్తన్న ఇచ్చిన సలహా

పొద్దున చాయ్ నీళ్లు మరిగే వేళకే ముత్తన్న భాస్కర్ హోటల్ ముందటి బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. పేపరు ఒళ్లో ఉండేది, మడత మాత్రం విప్పేవాడు కాదు. నలుగురు చేరాలి. అందులో చదువురానివాళ్లు ఒకరిద్దరైనా ఉండాలి. అప్పుడే విప్పేవాడు. ఇంటి దగ్గరే ఒకసారి చూసుకుని రారాదా అని భాస్కర్ అడిగితే, "ముందుగాల నేను సదివినంక తెస్తే అది ఎంగిలి పేపరైతది భాస్కరా. ఎంగిలిది మందికి పెడ్తమా?" అన్నాడు.

ఊరికే చదవడం కాదు. ఎవరో ఒక నాయకుడి ప్రసంగం గొంతెత్తి చదివి, కండ్లద్దాలు నుదుటి మీదికి జరిపి, "ఇగ చెప్పుండ్రి. గీ మాట ఎవరిది?" అని అడిగేవాడు. పేపర్లో ఉన్న పేరు చెబితే ఒప్పుకునేవాడు కాదు.

"ఆయన నోరు కిరాయికిచ్చిండు. లోపలుండి మాట్లాడేటోడు ఎవడు?"

బెంచీ మీదివాళ్లు ఆలోచనలో పడేవారు. బజారును దాని మానాన వదిలేస్తే అందరికీ మేలని నాయకుడు అని ఉంటే, "స్కాట్లండు పంతులు!" అని ఒకరు అరిచేవారు. అంటే ఆడం స్మిత్. కష్టం చేసేవాడి చెమటనే యజమాని లాభంగా మూట కట్టుకుంటున్నాడని ఉంటే, "గడ్డం తాత!" అది మార్క్స్. పనులు ఆగిపోయినప్పుడు సర్కారే ఖర్చు పెట్టి పనులు పుట్టించాలంటే, "గుంతల దొర!" అది కీన్స్. గుంతలు తవ్వించి మళ్లీ పూడ్పించినా సరే, కూలి జనం చేతిలో పడితే అంగళ్లు నడుస్తాయన్నది ఆ దొర ఆలోచన అని ముత్తన్న చెప్పిన రోజు, కాలువ పూడిక తీయడానికి పోతున్న ఆడవాళ్లు ఆగి మరీ నవ్వారు.

"అయితే మా కరువు పని కనిపెట్టినోడు గా దొరేనా? కూలి జల్ది ఇయ్యాలని సుత చెప్పకపాయెనా!"

ముత్తన్న గుడిలోకి వచ్చేవాడు కాదు. ఎర్రజెండా మనిషి. కానీ భార్య హన్మవ్వ పూజకు రోజూ పూలు తెంపుకొచ్చి గుడి గడప మీదనే పెట్టేవాడు. "దేవుడు నాకెరుక లేదు, హన్మవ్వ ఎరుకే" అనేవాడు. దేవుడికి ఆ మాట చాలిందనే నా నమ్మకం. చూపు ఆనని ముసలమ్మలు మందు గోలీలు పట్టుకొస్తే, ఏది పొద్దున, ఏది రాత్రి అన్నది చదివి చెప్పి, మరిచిపోకుండా రాత్రి గోలీల రేకుకు మూలన చిన్న దారప్పోగు కట్టి ఇచ్చేవాడు. ఇవన్నీ ఎందుకు రాస్తున్నానంటే, ఆయన మంచివాడు కాడని ఎవరూ అనుకోవద్దని. మంచివాడే. అయినా మా ఊళ్లో భూమేష్ పేరు చెడింది ఆయన వల్లనే. ఆ చెడ్డపేరు తుడవగలిగిన మనిషి కూడా ఆయనొక్కడే. ఎన్ని ఏండ్లు గడిచినా ఆయనకు నోరు రాలేదు.

భూమేష్ చెరుకు రైతు. నిజాంసాగర్ నీళ్లు మా ఊరికి వచ్చే తూము కింద ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లు పోవాలో వంతులు తెంపేది ఆయనే. ఆయన పొలం తూముకు దగ్గరే ఉన్నా తన వంతు అందరికన్నా చివర పెట్టుకునేవాడు. నీళ్లు తక్కువైన యేడు ఎండేది ఆయన మడే. అందుకే ఆయన మాటకు ఎదురుండేది కాదు. ఊరి కూటంలో ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అంటే మావాళ్లు ముందు భూమేష్ దిక్కు చూసేవారు. ఆయన చెయ్యి లేస్తే అన్నీ లేచేవి. నీళ్ల దగ్గర మొదలైన అలవాటు అన్నింటికీ పాకింది.

బెంచీ మీద ముత్తన్నకు ఎదురు చెప్పేది కూడా ఈ భూమేషే. తనకన్నా రెండేండ్లు పెద్ద అని ముత్తన్నను అన్నా అనేవాడు, కానీ ఎగతాళి మానేవాడు కాదు.

"అన్నా, నీ గడ్డం తాత ఎన్నడన్న చెరుకు నరికిండా? గా ఆకు మెడకు కోసుకుంటే తెలుస్తది."

"నరకలే తమ్మీ. నువ్వు నరికినదాన్ని ఎవడు తింటుండో చూసిండు."

"మస్తు చూసిండు. నా చెరుకు నక్కలు తింటున్నయి, వాటికి చెప్పుమను."

బోధన్ పోయే రోడ్డు పక్కన ఒక చిన్న సర్కారీ చక్కెర ఫ్యాక్టరీ ఉండేది. ముత్తన్న యుక్తవయసులో జక్రాన్‌పల్లి దిక్కు నుంచి వచ్చి అందులో చేరాడు. చెరుకు రసం పెద్ద పెద్ద పాత్రల్లో మరిగే చోట పని. పాకాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి తీగ చూసి, గింజ కట్టిందో లేదో చెప్పేవాడు. ఆదివారాలు క్యాంటీన్లో యూనియన్ క్లాసులు జరిగేవి. నిజామాబాద్ నుంచి ఒక సారు బస్సులో వచ్చి, లోకంలో ఏ సిద్ధాంతం ఎవరి తలలో పుట్టిందో, అది ఏ దేశంలో ఏ జెండా అయి లేచిందో చెప్పేవాడు. పదో తరగతి తప్పిన ముత్తన్నకు అక్కడ రెండో చదువు దొరికింది. మనుషులు ఓట్లు వేసేది, తిట్టుకునేది, అప్పుడప్పుడు చచ్చేది కూడా ఎప్పుడో ఎక్కడో ఒకరు కూర్చుని రాసిన ఆలోచన కోసమేనని ఆయనకు తోచింది. మొక్కుబడి లేని మనిషికి అదే మొక్కుబడి అయింది.

ఆ తర్వాతి సంగతి మా దిక్కు అందరికీ తెలిసిందే. ఫ్యాక్టరీని అమ్మారు. కొన్నవాడు కొన్నాళ్లు నడిపి తాళం వేశాడు. జీతాలు ఆగాయి. చెరుకు చేన్ల మీదనే నిలిచింది. ధర్నాలు, టెంట్లు, వచ్చిపోయే నాయకులు. ఒక్కొక్క పార్టీ ముత్తన్న చెప్పే పెద్దల్లో ఒక్కొక్కరి మాట పట్టుకుని వచ్చింది. అమ్మడమే మంచిదయిందని ఒకరు, అమ్మినవాళ్లను తరమాలని ఒకరు. "చెరుకు నమిలి రసం వాళ్లు మింగిండ్రు, పిప్పి మన ముందట ఉమ్మిండ్రు. గా పెద్దలు చెప్పింది గింతే కాదు" అని ముత్తన్న బాధపడేవాడు.

అలాంటప్పుడు ఒక కబురు వచ్చింది. రైతులే సంఘంగా ఏర్పడి ఫ్యాక్టరీని నడుపుకుంటామంటే సర్కారు కొంత ఆసరా ఇస్తుందట. ఒప్పుకుంటారో లేదో అడగడానికి ఆఫీసరు ఊరికి వస్తాడట. ముందురోజు పొద్దున భూమేష్, ముత్తన్న ఉండే ఫ్యాక్టరీ క్వార్టర్‌కు వచ్చాడు. హన్మవ్వ మక్క గారెలు కాలుస్తోంది. పళ్లెంలో రెండు పెట్టి మరిది ముందుంచింది.

"అన్నా, నాకైతే ఒప్పుకోవాలనే ఉంది" అన్నాడు భూమేష్. "మహారాష్ట్ర దిక్కు రైతులు నడుపుకుంటలేరా? మా మేనమామోళ్లు గసొంటి ఫ్యాక్టరీకే చెరుకు పోస్తరు. కష్టమో నష్టమో వాళ్లదే. నువ్వేమంటవు?"

"జర ఇను తమ్మీ. మీరు తీసుకుంటే సర్కారు చేతులు కడుక్కుంటది. రేపు మీరు యజమానులైతరు, మేము మీ కింద కూలోళ్లమైతం. జీతం పెంచుమని నేను నీ ఇంటి ముందటనే ధర్నాకు కూసోవాలె. అప్పుడు చాయ్ పోస్తవా, లాఠీ తెస్తవా?"

"నీకైతే రెండూ ఇస్త" అని భూమేష్ నవ్వాడు.

"నవ్వులాట కాదు. గిన్ని ఇండ్లు రోడ్డు మీద పడ్డంక ఏ సర్కారన్న ఊకుంటదా? మంది చేతుల పైస ఆడకపోతే సర్కారుకు సుత నడవది. గుంతల దొర చెప్పింది గదే. ఎవ్వరూ ఒప్పుకోకుండ్రి, సర్కారే తీసుకొని నడుపుతది. ఇంకో తొవ్వ లేదు. నువ్వు ఎత్తకు. నువ్వు ఎత్తకపోతే ఎవ్వరూ ఎత్తరు."

పొయ్యి దగ్గరి నుంచి హన్మవ్వ అన్నది: "భూమేషూ, నీ మనసుల ఉన్నది నువ్వు చెయ్యి. ఈయనకు పుస్తకం దొరికితే పక్కన మనిషి కనిపియ్యడు."

"నువ్వు ఊకో" అన్నాడు ముత్తన్న.

భూమేష్ గారెను తుంచి, తినకుండానే పళ్లెంలో పెట్టాడు. చివరికి, "నీళ్ల సంగతి నేను చెప్తే అన్న ఇంటడు వదినా. ఫ్యాక్టరీ సంగతి అన్న చెప్తే నేను ఇనద్దా?" అని లేచాడు.

మర్నాడు బడి వరండాలో కూటం. ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. చెరుకు రైతులందరి తలలూ ఒక్క దిక్కు తిరిగాయి. భూమేష్ చెయ్యి ఆయన మోకాలి మీదనే ఉంది. వేళ్లు మాత్రం ధోతి అంచును నలుపుతున్నాయి. ఆఫీసరు ఇంకోసారి అడిగి, ఎవరూ కదలకపోయేసరికి జీపెక్కాడు.

మేమంతా సర్కారు వస్తుందని చూశాం. వానాకాలం పోయింది, యాసంగి వచ్చింది. సర్కారు రాలేదు. నిలిచిన చెరుకు కొంత బెల్లానికి, కొంత పశువులకు పోయింది. తర్వాత రైతులు మొదళ్లతో సహా పెరికి వరి వేశారు. ఫ్యాక్టరీ యంత్రాలు తుక్కుగా లారీలెక్కాయి. ముత్తన్న వేళ్లతో పాకం చూసిన పాత్ర కూడా ముక్కలై పోయింది. క్వార్టర్లు ఖాళీ చేయించారు. ముత్తన్న ఊళ్లోనే చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. తోటి కార్మికులు కొందరు నిజామాబాద్‌లో వాచ్‌మెన్లయ్యారు, కొందరు ఏ పనీ దొరక్క ముత్తన్న చదివే పేపరు చుట్టూ చేరారు.

మెల్లమెల్లగా ఊరికి ఒక మాట దొరికింది. భూమేష్ చెయ్యి ఎత్తి ఉంటే ఫ్యాక్టరీ ఉండేది. ఎత్తి ఉంటే నిజంగా ఉండేదో లేదో దేవుడికి తెలియాలి. కానీ దుఃఖానికి ఒక మనిషి కావాలి, వాళ్లకు భూమేష్ దొరికాడు.

హన్మండ్లు అని ముత్తన్నతో కలిసి పనిచేసిన మనిషి. నోరు దురుసు. కడుపు కాలి మాట్లాడేవాడు. ఒకనాటి పొద్దున భూమేష్ పాల క్యాన్ పట్టుకుని హోటల్‌కు వస్తే, అందరి ముందూ అందుకున్నాడు.

"ఏం పటేలా, చెయ్యి బాగైందా? గా దినం లేవకపాయె గదా!"

బెంచీ అంతా నవ్వింది. భూమేష్ ఒక్క క్షణం ముత్తన్న వైపు చూశాడు. ముత్తన్న తల పేపర్లో ఉంది. కండ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి. అవి లేకుండా ఆయనకు ఒక్క అక్షరం కనపడదని మా అందరికీ తెలుసు.

"అవునే హన్మండ్లూ, గా దినం వాతం పట్టింది" అని భూమేష్ తనూ నవ్వాడు. చాయ్ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లాడు. అదే కడసారి. ఆ తర్వాత పాలు కొడుకు పరమేశ్వర్‌తో పంపేవాడు. పొలానికి కాలువగట్టు మీది నుంచి చుట్టు తిరిగి పోయేవాడు.

ముత్తన్న ఎదురుచూశాడు. ఏదో ఒక రోజు భూమేష్ విసుగెత్తి, "నేను కాదురా, గీయనే వద్దన్నడు" అంటాడని. అంటే బాగుండునని కూడా అనుకున్నాడేమో. భూమేష్ అనలేదు. ఇంట్లో హన్మవ్వ ఊరుకునేది కాదు. "పోయి నలుగుట్ల చెప్పరాదు? నోట్ల నాలుక లేదా? పొద్దుందాక లోకం సంగతి చెప్తవు." రేపు చెప్తా అనేవాడు ముత్తన్న. రేపు బెంచీ మీద హన్మండ్లు ఉండేవాడు, పని పోయిన మరో నలుగురు ఉండేవారు. వాళ్ల కండ్లలోకి చూస్తే మాట లోపలికి పోయేది.

ఒక ఆదివారం పేపర్లో ఒక పెద్ద వ్యాసం వచ్చింది. ఆస్ట్రియా దేశంలో పుట్టిన హయెక్ అనే ఒకాయన గురించి. ఎవరికి ఏం కావాలో సర్కారుకు ఎన్నటికీ పూర్తిగా తెలియదని, తెలిసినట్టు అన్నీ తనే నడపబోతే జనం స్వేచ్ఛకే ముప్పని ఆయన నమ్మాడట. ఆయన ఆలోచన ముందు ఎవరికీ పట్టలేదట. నలభై యాభై ఏండ్ల కింద పెద్ద పెద్ద దేశాల పాలకులు దాన్ని నెత్తికెత్తుకుని సర్కారీ ఫ్యాక్టరీలు అమ్మారట. ఆ గాలి మన దాకా వచ్చిందట. ముత్తన్న గొంతెత్తి చదువుతూ చదువుతూ సగంలో ఆగాడు. మిగతాది పెదవుల్లోనే చదువుకున్నాడు. ఎవరిదీ మాట అని ఆ రోజు అడగలేదు.

అందరూ వెళ్లాక భాస్కర్‌తో అన్నాడు. "మా క్లాసుల గీయన పేరు ఒక్కనాడు తియ్యలే. మనకు నచ్చినోళ్ల సంగతే మనం సదువుకున్నం. సర్కారు ఎన్నడో పుస్తకం మార్చింది భాస్కరా. నేను పాత పుస్తకం పట్టుకొని తమ్మికి జోస్యం చెప్పిన."

"తమ్మికా? ఏం చెప్పినవే?" అన్నాడు భాస్కర్.

"ఏం లేదు" అన్నాడు ముత్తన్న.

పోయిన వానాకాలం నాట్ల రోజుల్లో భూమేష్ మడిలోనే కూలిపోయాడు. నిజామాబాద్ దవాఖాన చేరకముందే ప్రాణం పోయింది. ఊరంతా వచ్చింది. తిట్టినవాళ్లు కూడా ఏడ్చారు. నాట్లు ఆపి, బురద కాళ్లతోనే ఆడవాళ్లు వాకిట్లో నిలబడ్డారు. ముత్తన్న పాడె వెనకాల చెప్పులు లేకుండా నడిచాడు. పక్కన నడుస్తున్న హన్మండ్లు కండ్లు తుడుచుకుంటూ అన్నాడు.

"మనిషి బంగారం. గా ఒక్కదినం చెయ్యి లేవకపాయె, ఊరి నోట్ల మన్ను పడె."

ముత్తన్న నోరు తెరిచాడు. డప్పులు మోగుతున్నాయి. ఆయన పెదవులు కదిలాయి గానీ మాట వచ్చిందో లేదో పక్కనున్న హన్మండ్లుకు కూడా తెలియదు. చితి అంటుకున్నాక, అందరూ స్నానాలకు కాలువకు దిగితే, ఆయన ఒడ్డున చాలాసేపు నిలబడే ఉన్నాడు. హన్మవ్వ వచ్చి చెయ్యి పట్టుకుని దింపింది.

తర్వాత కొన్ని రోజులు బెంచీ మీద కూర్చున్నాడు గానీ పేపరు విప్పలేదు. చాయ్ ముందర పెడితే అట్లాగే మీగడ కట్టేది. భాస్కర్ ఏమీ అనకుండా అది తీసి వేడిది తెచ్చిపెట్టేవాడు. అది కూడా చల్లారేది. ఇంకోటి తెచ్చేవాడు. చదవమని ఎవరూ అడగలేదు. ఎవరి ఫోన్లో వాళ్లు ఏదో చూసుకుంటూ, ఆయన కోసం మాత్రం శబ్దం తగ్గించుకునేవారు.

దినాలు దగ్గరికొచ్చాయి. ఒక పొద్దున ముత్తన్న హన్మవ్వను వెంటబెట్టుకుని భూమేష్ ఇంటికి వెళ్లాడు. భూమేష్ భార్య వెంకటవ్వ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. వీళ్లను చూసి చాట పక్కన పెట్టి, చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన చెంబు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"వెంకటవ్వా, నీకొక్క సంగతి చెప్పాలె. గా కూటం ముందటి రోజు..."

"నాకెరుకే బావా" అన్నదామె.

ముత్తన్న తలెత్తాడు.

"గా పొద్దే ఇంటికొచ్చి నాకు చెప్పిండు. అన్న వద్దంటుండు, ఏం జెయ్యాలె అని. తర్వాత ఊరంత తిడుతుంటే నేనే అన్న, నువ్వు ఒక్కనివెందుకు పడాలె, బావ పేరు చెప్పరాదా అని. నా మీద కోపం జేసిండు." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త అన్న మాటలే మళ్లీ చెప్పింది: "నాకు పొలం ఉన్నది, తిట్లు తిన్నా బతుకుత. అన్నకు ఏమున్నదే, గా బెంచీ తప్ప? పని పోయినోళ్లు ఆయనను బతకనిస్తరా? గట్లన్నడు. మరి హోటల్‌కెందుకు పోతలేవు అంటే, నేను పోతే అన్న తల ఎత్తలేకపోతుండు, పేపరు సదవలేకపోతుండు, అన్నడు."

హన్మవ్వ ఏడ్చింది. ముత్తన్నకు ఏడుపు రాలేదు. చెంబును నేల మీద పెట్టబోతే అది ఒరిగి నీళ్లు ఒలికాయి. వెంకటవ్వ లేచి తన కొంగుతోనే ఆయన కాళ్ల దగ్గర తుడిచింది. నన్నడిగితే ఆ తుడవడం కన్నా కఠినమైన తిట్టు లోకంలో లేదు. కానీ ఆమె తిట్టడానికి తుడవలేదు. ముసలాయన జారి పడతాడని తుడిచింది.

"మంచినీళ్లు తాగు బావా. పోయినోడు పోయిండు. ఇప్పుడు తవ్వుకుంటే ఏమొస్తది?"

ముత్తన్న చెంబును పక్కకు జరిపాడు. దేవుణ్ణి ఏమీ అడగని మనిషి, ఆ రోజు ఆమె ముందు రెండు చేతులూ జోడించాడు.

"ఒక్కటడుగుత వెంకటవ్వా, కాదనకు. దినాల నాడు ఊరంత ఈడికే వస్తది. విస్తర్లు ఎయ్యకముందు నేను లేసి నిలవడి జరిగింది జరిగినట్టు చెప్త. హన్మండ్లు తిట్టనీ, నలుగురు మీదికి రానీ. నువ్వు అడ్డం రాకు. అయిందేదో అయింది, కూసో బావా అని మాత్రం అనకు. నువ్వు గంతమాట అంటే నేను కూసుంట. నా సంగతి నాకెరుకే."